మెడలోతు బంగాళాఖాతం

విశాఖపట్నంలో పుట్టి పెరిగిన పిల్లలకు సముద్రం గురించి పెద్దవాళ్ళు మొదట నేర్పేది భయం. “కెరటం వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింద ఇసక లాగేస్తుంది నాన్నా, మోకాళ్ళు దాటి దిగకు” అని మా అమ్మ ఆర్కే బీచ్‌లో నా చెయ్యి గట్టిగా పట్టుకుని చెప్పిన మాట, నలభై ఏళ్ళు దాటినా నా ఒంట్లో అలాగే నిలిచి ఉంది. అమ్మ భయంలో తప్పేమీ లేదు. మా ఒడ్డున నాలుగు అడుగులు వేసేసరికి లోతు పెరుగుతుంది. విరిగిన కెరటాల నీరంతా ఒక పాయగా చేరి మనిషిని లోపలికి ఈడ్చుకుపోతుంది. ఈత బాగా వచ్చిన కుర్రవాళ్ళను పోగొట్టుకున్న ఇళ్ళు మా పేటలోనే ఉన్నాయి. అందువల్ల ప్రతి సాయంత్రం సముద్రం ముందు కూర్చుని ముంత మసాలా తిన్నవాడినే అయినా, ఆ నీటిని నేను ఏనాడూ మోకాళ్ళ పైకి ఎరగను. మొన్న జులైలో ముగ్గురు స్నేహితులతో కలిసి శ్రీలంక తూర్పు తీరంలోని తిరుకోణమలైకి వెళ్ళినప్పుడు, ఇదే బంగాళాఖాతంలో మొదటిసారి మెడలోతు వరకు దిగాను. ఆ నాలుగు రోజుల ప్రయాణాన్ని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

ఆ ఊరి పేరు మా ఊరివాళ్ళకు కొత్తది కాదు. అక్టోబరు, నవంబరు నెలల్లో అల్పపీడనం బలపడి వాయుగుండంగా మారిందంటే, అది ‘ట్రింకోమలీకి తూర్పు ఆగ్నేయంగా ఇన్ని వందల కిలోమీటర్ల దూరంలో కేంద్రీకృతమై ఉంది’ అని వార్తల్లో చదవడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఆ పేరు వినిపించిన ఒకటి రెండు రోజులకు మా పోర్టులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగిరేది, బడికి సెలవు వస్తుందేమోనని పిల్లలం ఎదురుచూసేవాళ్ళం. తుఫానుల వార్తల్లో తప్ప మరెక్కడా వినని ఆ ఊళ్ళో మనుషులు ఉంటారని, వాళ్ళకూ బడులు, బజార్లు, సాయంత్రాలు ఉంటాయని నేను ఎన్నడూ ఆలోచించలేదు. తమిళులు దాన్ని తిరుకోణమలై అంటారు, ఆంగ్లేయుల నోట అది ట్రింకోమలీ అయింది.

మేము నలుగురం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కలిసి చదువుకున్నవాళ్ళం. అరకు, లంబసింగి, పూరీ అంటూ ఏడాదికి ఒకసారి ఎక్కడికో ఒకచోటికి వెళ్ళడం ఇన్నేళ్ళూ విడిచిపెట్టలేదు. మాలో ఒకతను పోర్టులో పనిచేస్తాడు. ఈసారి తిరుకోణమలై రేవును చూడాలని పట్టుబట్టినవాడు అతనే. నాకు మరో కారణం కూడా ఉంది. అష్టాదశ శక్తిపీఠాల శ్లోకం అమ్మకు నిత్యపారాయణం. అందులో మొదటి పేరు లంకలోని శాంకరీదేవిది, ఆ తల్లి వెలసిన చోటు తిరుకోణమలైలోని కొండ అని నమ్మకం. పిఠాపురం పురుహూతికను, ద్రాక్షారామం మాణిక్యాంబను, శ్రీశైలం భ్రమరాంబను, అలంపురం జోగులాంబను దర్శించుకున్న మా అమ్మ, మొదటి పేరు దగ్గరికి మాత్రం వెళ్ళలేనని తేల్చేసుకుంది. “నువ్వు వెళ్ళు, కుంకుమ తెచ్చిపెట్టు చాలు” అంది.

ప్రయాణం గురించి చెప్పవలసినది తక్కువ. ఆన్‌లైన్‌లో ముందుగా అనుమతి తీసుకుని, చెన్నై మీదుగా కొలంబో చేరాము. చెన్నై నుంచి విమానం గంటన్నర కూడా పట్టలేదు, గడియారం ముల్లు జరుపుకోవలసిన పని కూడా లేదు; వారి సమయం, మన సమయం ఒక్కటే. అక్కడి నుంచి వ్యానులో కురునేగల, దంబుల్ల, హబరణ మీదుగా ఆరు గంటలు. హబరణ దాటాక దారి అడవిలో పడుతుంది, ఏనుగులు దాటే చోటు అన్న బోర్డులు వస్తాయి, ఆ తరువాత కంతలై చెరువు కట్ట కనిపిస్తుంది. సముద్రానికి ఎదురుగా అని చెప్పి మాకు గది ఇచ్చిన బస నుంచి చూస్తే పక్క మేడ గోడ తప్ప మరేమీ కనిపించలేదు. ఆ రాత్రి అక్కడే గడిపి, మరునాడు ఉదయం ఉప్పువెలిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలి ఇంట్లో రెండు గదులు తీసుకున్నాము. ఆ మార్పు మాకు మేలే చేసింది.

జులైలో అక్కడికి ఎందుకు వెళ్ళాలో కాస్త వివరంగా చెప్పాలి. అదే నెలలో మా విశాఖ సముద్రం నైరుతి గాలులకు పోటెత్తి, బూడిదరంగు తిరిగి, ఒడ్డును కోసేస్తూ ఉంటుంది. శ్రీలంక పడమటి తీరంలోనూ అప్పుడు వానలే. కాని ద్వీపం నడుమ ఉన్న ఎత్తైన కొండలు ఆ నైరుతి మేఘాలను అడ్డుకుని వానంతా తమ మీదే కురిపించుకుంటాయి. కొండలు దాటిన గాలి పొడిగా, వేడిగా తూర్పుకు దిగి, ఒడ్డు నుంచి సముద్రం మీదికి వీస్తుంది. అందువల్ల మే నుంచి సెప్టెంబరు దాకా తిరుకోణమలై నీరు చెరువులా ఉంటుంది. ఆ గాలిని అక్కడి తమిళులు కచ్చాన్ అంటారు. వేరుశనక్కాయలను కూడా వాళ్ళు కచ్చాన్ అనే అంటారు. బీచ్‌లో ఒక కుర్రవాడు “కచ్చాన్, కచ్చాన్” అని అరుస్తూ పొట్లాలు అమ్ముతుంటే, గాలిని అమ్ముతున్నాడేమిటని చెన్నైలో పదేళ్ళు ఉండి తమిళం బాగా వచ్చిన మా మిత్రుడు కూడా ఒక్క క్షణం తికమకపడ్డాడు. నవంబరు వచ్చేసరికి అంతా తారుమారవుతుందని, ఈశాన్య గాలులు మొదలైతే తమ పిల్లలను కూడా నీటి దగ్గరికి పోనివ్వబోమని మా ఇంటి టీచరమ్మ చెప్పారు. ఆవిడ మాటల్లో మా అమ్మ గొంతే వినిపించింది.

రెండో రోజు ఉదయం ఉప్పువెలి ఒడ్డున నిలబడ్డాను. మోకాళ్ళ వరకు వచ్చేసరికి అలవాటుగా నా కాళ్ళు ఆగిపోయాయి. పోర్టు మిత్రుడు వెనక్కి వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. “ఇసక కదులుతోందేమో చూడరా, కదిలితే తిరిగిపోదాం” అన్నాడు. ఇసక కదలలేదు. నడుము లోతుకు వచ్చినప్పుడు కిందికి చూస్తే, నీటి అడుగున నా కాలి వేళ్ళ గోళ్ళు, వాటి పక్కన వెదురాకంత చిన్న చేపలు రెండు, ఇసక మీద కదిలే వాటి నీడలు స్పష్టంగా కనిపించాయి. మా ఊరి సముద్రంలో నా కాళ్ళను నేను ఎప్పుడూ చూసుకోలేదు. ఛాతీ దాటి, భుజాలు దాటి, నీరు మెడకు తగిలేచోట ఆగాను. నాకు ఈత రాదు, ఊరికే నిలబడ్డాను. పెదవులకు అంటిన ఉప్పు మాత్రం చిన్నప్పటి నుంచి తెలిసినదే. ఉత్తరానికి కాస్త తూర్పుగా తిరిగాను. అటువైపు సుమారు వెయ్యి కిలోమీటర్ల దాకా అడ్డుగా నేల లేదు, సూటిగా పోతే తగిలేది మా డాల్ఫిన్స్ నోస్ కొండే. నా ఊరి నీటిలోకి నిర్భయంగా దిగడానికి నేను మరో దేశం రావలసి వచ్చిందన్న ఆలోచన అప్పుడు కలిగింది. అది దుఃఖమో సంతోషమో తేల్చుకోలేక చాలాసేపు అలాగే ఉండిపోయాను. చివరికి మిత్రులే పిలిచి బయటికి తీసుకొచ్చారు.

బయటికి వచ్చేసరికి కాస్త దూరంలో వల లాగుతున్నారు. మన జాలరిపేటల్లో అలివి వల అంటామే, అదే. వాళ్ళు కరైవలై అంటారు. పడవ ఒక తాడు కొసను ఒడ్డున విడిచి, వలను అర్ధచంద్రాకారంగా సముద్రంలో పరుచుకుంటూ పోయి, రెండో తాడుతో దూరంగా మరోచోట ఒడ్డు చేరుతుంది. ఆ తరువాత రెండు జట్లు రెండు కొసలనూ లాగుతూ మెల్లమెల్లగా ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. ప్రతి మనిషి నడుముకూ ఒక పొట్టి తాడు ఉంది. దాని కొసను పెద్ద తాడుకు ఒక మెలి వేసి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి, మడమలు ఇసకలో దిగేసి, పాట లయకు ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తాడు. చివరివాడు తన మెలి విప్పుకుని ముందుకు నడిచి మళ్ళీ నీటి అంచున తగులుకుంటాడు. మేము కూడా వెళ్ళి తాడు పట్టుకున్నాము, ఎవరూ వద్దనలేదు. తడిసిన తాడు కొబ్బరిపీచు గరుకు అరచేతులను అరగంటలోనే ఎర్రగా చేసింది. గంట దాటాక వల సంచి ఒడ్డుకు చేరింది. చూసేసరికి లోపలంతా వెండిలా మెరుస్తూ నెత్తళ్ళు. మన నెత్తళ్ళను వాళ్ళు నెత్తలి అంటారు. ఆ ఒక్క మాటకే మా మధ్య పరాయితనం సగం తొలగిపోయింది.

లాగినవాళ్ళలో పెద్దాయన ఒకరు మా మిత్రుణ్ణి “ఎంద ఊరు తంబీ?” అని అడిగారు. విశాఖపట్నం అని చెప్పగానే ఆయన ముఖం విప్పారింది. తమ దగ్గర పుట్టిన తుఫాను తమను విడిచి ఉత్తరానికి పోయిందని రేడియోలో చెప్పినప్పుడల్లా మా ఊరి పేరు వింటారట. “మమ్మల్ని వదిలి మీ మీదికి వచ్చేది” అన్నారు, క్షమాపణ అడుగుతున్నట్టు. మీ ఊరి పేరు కూడా మేము అలాగే వింటామని మా మిత్రుడు బదులు చెప్పాడు. ఆయన నవ్వలేదు. తల పంకించి, ఒక దోసెడు నెత్తళ్ళు ఆకులో కట్టి మా చేతిలో పెట్టారు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ మధ్యాహ్నం టీచరమ్మ వాటిని చింతపండు వేసి పొడిగా వండారు. మాలో శాకాహారి ఒకడే. వాడికి ఆవిడ విడిగా పరిప్పు అనే పప్పు కూర, ఇడియాప్పం చేసి, సంబోల్ అనే కొబ్బరి పచ్చడి వడ్డించే ముందు, “ఇందులో మాసి వేయలేదు, ధైర్యంగా తినవచ్చు” అని చెప్పారు. మాసి అంటే ఎండబెట్టిన చేపను తురిమిన పొడి. అక్కడ దాదాపు ప్రతి సంబోల్‌లోనూ పడుతుంది కనుక శాకాహారులు అడిగి తినడం మంచిది.

ఆ సాయంత్రం కోనేశ్వరం వెళ్ళాము. ఊరి నుంచి సముద్రంలోకి పొడుచుకు వచ్చిన రాతికొన కొసన ఆలయం ఉంది. అక్కడికి దారి ఫ్రెడరిక్ కోటలో నుంచే పోతుంది. 1622లో పోర్చుగీసువారు ప్రాచీన ఆలయాన్ని కూలగొట్టి, ఆ రాళ్ళతోనే కోట కట్టారు. తరువాత డచ్చివారు, 1795లో బ్రిటిష్‌వారు దాన్ని పట్టుకున్నారు. కోట ద్వారం రాతిలో ఒకచోట పాండ్యుల జంట చేపల గుర్తు, పాత తమిళ అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. నేను దాని మీద చెయ్యి వేసి చూశాను. చేపల వెన్నులు అరిగి నునుపెక్కాయి కాని, వాటి ఆకారం మాత్రం చెరిగిపోలేదు. ద్వారం దాటాక దారి పొడవునా చుక్కల జింకలు, మేకల్లాగా బెదురు లేకుండా తిరుగుతున్నాయి. వాటిలో ఒకటి ప్లాస్టిక్ సంచీని నములుతుంటే మా శాకాహారి మిత్రుడు దాని నోట్లోంచి మెల్లగా లాగి తీసి, ఆ సంచీని తన జేబులో పెట్టుకున్నాడు.

కూలిన ఆలయంలోని విగ్రహాలను పూజారులు దాచారని తరతరాలుగా చెప్పుకున్నారు. 1950లో బావి తవ్వుతుండగా కొన్ని లోహ విగ్రహాలు నిజంగానే బయటపడ్డాయి. 1956లో రచయిత ఆర్థర్ సి. క్లార్క్, ఆయన మిత్రుడు మైక్ విల్సన్ ఆ కొండ కింది సముద్రంలో మునిగి, అడుగున పడి ఉన్న ఆలయ స్తంభాలను, చెక్కడపు రాళ్ళను చూశారు. కొండ పక్కన నిలువునా చీలిన బండను రావణ వెట్టు అంటారు. తల్లి పూజకోసం రావణుడు ఈ కొండనే పెకలించబోయాడని, అప్పుడు తగిలిన కత్తి గాటే అదని కథ. మనకు గోకర్ణ కథలో కూడా తల్లికోసం లింగాన్ని తెచ్చే రావణుడు కనిపిస్తాడు. ఇక్కడి జనం ఆయనను ముఖ్యంగా ఆ కొడుకుగానే తలుచుకుంటారు. ఊరికి దగ్గరలోని కన్నియ వేడినీటి బావులు ఏడింటినీ తల్లి ఉత్తరక్రియలకోసం ఆయనే తవ్వాడని చెబుతారు. మరునాడు ఆ బావుల నీళ్ళు పోసుకున్నాము. ఒక్కొక్క బావిలో ఒక్కొక్క వేడి.

రావణ వెట్టు దగ్గర చెట్టుకు సంతానం కోరి కట్టిన చిన్న చిన్న కొయ్య ఉయ్యాలలు వందలకొద్దీ వేలాడుతున్నాయి. సముద్రపు గాలికి అవన్నీ ఒకేసారి ఊగుతుంటే వాటి చప్పుడు వింటూ నిలబడ్డాము. పక్కనే శాంకరీదేవి గుడి. నేను ఊహించుకున్నంత పెద్దది కాదు. అమ్మ పేరు, గోత్రం చెప్పి అర్చన చేయించాను. అర్చకులు గోత్రం మళ్ళీ ఒకసారి అడిగి, పొరపాటు లేకుండా పలికి, కుంకుమ కాగితంలో మడిచి ఇచ్చారు.

మూడో రోజు మిగతాదంతా పోర్టు మిత్రుడిదే. కొండ మీద నిలబడి రేవును చూపిస్తూ అతను చెప్పినది నేను ఇంతకు ముందు ఎప్పుడూ ఇంత శ్రద్ధగా వినలేదు. మా విశాఖ రేవు మనుషులు తవ్వి తీసినది. మేఘాద్రిగెడ్డ కలిసే చిత్తడి నేలను తవ్వి, డాల్ఫిన్స్ నోస్ చాటున మార్గం తీసి, కెరటాలకు అడ్డుగా రెండు పాత ఓడలను ముంచి, 1933లో రేవును తెరిచారు. తిరుకోణమలైది అలా కాదు. సముద్రం అడుగున ఉన్న ఒక లోయ రేవు ముఖద్వారం దాకా వస్తుంది. చుట్టూ కొండలు గాలిని ఆపుతాయి. ఎంత పెద్ద ఓడైనా ఏ కాలంలోనైనా లోపలికి రాగలదు. అందుకే ఇన్ని దేశాలవాళ్ళు దీనికోసం కొట్టుకున్నారు. 1957 దాకా బ్రిటిష్ నౌకాదళం ఇక్కడి నుంచి కదలలేదు. వారు యుద్ధాల మధ్యకాలంలో కట్టిన చమురు ట్యాంకులు 99 ఇప్పటికీ అడవిలో ఉన్నాయి. వాటిలో 14 ఇండియన్ ఆయిల్ వారి శ్రీలంక సంస్థ చేతిలో ఉండగా, 2022 జనవరి ఒప్పందంతో మరో 61 రెండు దేశాల ఉమ్మడి కంపెనీకి వచ్చాయి. రోడ్డు మీద నుంచి చెట్ల పైన కొన్నింటి తుప్పు పట్టిన కప్పులే మాకు కనిపించాయి.

ఆ ట్యాంకుల మీద 1942లో బాంబులు పడ్డాయని అతను అన్నప్పుడు, నాకు మా తాతయ్య గుర్తుకువచ్చారు. జపానువారు ఆ ఏప్రిల్ 5న కొలంబో మీద, 6న మా విశాఖ, కాకినాడల మీద, 9న తిరుకోణమలై మీద బాంబులు వేశారు. అదంతా ఒకే వారం. అప్పటికి తాతయ్యకు పదిహేడేళ్ళు, వాళ్ళ ఇల్లు పాత పోస్టాఫీసు దగ్గర. మొదటి పేలుడు విన్నప్పుడు పోర్టు పనికోసం కొండరాయి పేలుస్తున్నారని అనుకున్నారట. ఆ సాయంత్రానికే వీధంతా ఇళ్ళకు తాళాలు వేసి, ఎడ్లబళ్ళు కట్టుకుని చోడవరం వైపు బయలుదేరింది. ఈ కథ చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నా, అది మా ఊరి మీద మాత్రమే పడిన ఆపద అనుకున్నాను. రాత్రి ఈ సంగతి చెబితే టీచరమ్మ లేచి వెళ్ళి తలుపు పక్కన గోడను చూపించారు. అది యుద్ధకాలపు గుర్తు కాదు. 2004 డిసెంబరు 26న సునామీ నీరు నిలిచిన చోట ఆవిడ భర్త మేకుతో గీసిన గీత. నా భుజం ఎత్తున ఉంది. ఆ తరువాత ఇంటికి ఎన్నిసార్లు సున్నం వేసినా ఆ గీతను మాత్రం వదిలి వేయిస్తారట. అంతర్యుద్ధం గురించి ఆవిడ ఒక్క మాటే అన్నారు: “2009 తరువాత రాత్రులు నిద్రపోతున్నాం.” మేము 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు గురించి చెప్పాము, చెట్లన్నీ పడిపోయి కైలాసగిరి బోడిగా కనిపించడం, రోజుల తరబడి కరెంటు లేకపోవడం, పాలకోసం వరుసలు. ఆవిడ అన్నీ విని, “మీ ఇంటి కప్పు నిలిచిందా?” అని అడిగారు. నిలిచిందని చెబితే చేతులు జోడించారు.

చివరి రోజు నిలావెలి నుంచి పడవలో పావురాల దీవికి వెళ్ళి, పగడాల మధ్య తిరిగే చిన్న సొరచేపలను చూశాము. చాలామంది తిరుకోణమలైకి దానికోసమే వెళ్తారు. నాకు మాత్రం ఉప్పువెలి ఒడ్డే ఎక్కువ నచ్చింది. బయలుదేరే ముందు మరోసారి నీళ్ళలో దిగాను, ఈసారి ఎవరూ చెయ్యి పట్టుకోలేదు.

ఇంటికి చేరిన సాయంత్రం అమ్మ కాగితం మడత విప్పి, కుంకుమ నొసట పెట్టుకుని, శ్లోకంలోని మొదటి పేరు నెమ్మదిగా పలికింది. సముద్రంలోకి దిగిన సంగతి అప్పుడు చెప్పాను. “ఎంతవరకు?” అని అడిగింది. చెయ్యి మెడ దగ్గర పెట్టి చూపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత ఆ వేళ్ళతోనే నాకూ కుంకుమ పెట్టి, “నీళ్ళు చల్లగా ఉన్నాయా నాన్నా?” అని అడిగింది.

“లేదమ్మా, గోరువెచ్చగా ఉన్నాయి.”